జర్మనీలో హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఒక రోజు ఎట్ల గడుస్తాది

నమస్తే అందరికీ, అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. మన జేఎన్‌టీయూలో బీటెక్ అయిపోయినోళ్లు, కర్నూలు కడప పిల్లలు కూడా, ఈ మధ్య మాస్టర్స్‌కని జర్మనీకి చానామంది పోతున్నారు. అక్కడ స్టూడెంట్ హాస్టల్లో రూమ్ అంత తొందరగా దొరకదు, అందుకని కొంతమంది మొదట్లో అక్కడివాళ్ల ఇంట్లోనే ఒక రూమ్ అద్దెకు తీసుకొని వాళ్లతోపాటే ఉంటారు. నేనూ అట్ల ఉండొచ్చినదాన్నే. ఇట్ల ఉండబోతున్నామని చెప్పగానే ఇంట్లో పెద్దోళ్లు అడిగేది ఒకటే, "ఎవరో తెలీనోళ్ల ఇంట్లో పిల్ల ఎట్ల ఉంటాదమ్మా" అని. వీసా గురించి, యూనివర్సిటీల గురించి చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు, పొద్దున లేస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతాదో మాత్రం ఎవరూ చెప్పరు, అందుకే ఈ వీడియో.

ముందు తిండి దగ్గర ఒక సంగతి చెప్తా, ఇది తెలిస్తే సగం ఇబ్బంది పోతాది. మన ఇళ్లల్లో అవ్వ వడ్డిస్తుంటే మొహమాటానికి "చాలు అవ్వా" అంటాం, ఆమె వినదు, ఇంకో ముద్ద సంగటి పెట్టేస్తాది, పెడ్తాదని మనకీ తెలుసు. అక్కడ చాలు అంటే చాలు. ఒక్కసారి అడుగుతారు, వద్దన్నావంటే గిన్నె అవతలికి పోతాది, నువ్వు ఆకలితో పడుకోవాల్సిందే. దాంట్లో కోపం ఏం లేదు, నువ్వు చెప్పిన మాటను నమ్ముతారు అంతే. కావాలంటే కావాల అని నోరు తెరిచి చెప్పాల, రాత్రి భోజనానికి రావట్లేదంటే సాయంత్రమే మెసేజ్ పెట్టాల, ఫ్రెండ్‌ను ఇంటికి తీసుకొస్తున్నావంటే ముందురోజే అడగాల. ముందే చెప్పి చేసినావంటే ఏదైనా ఒప్పుకుంటారు, చెప్పకుండా చేస్తే చిన్నదానికి కూడా ముఖం మాడుస్తారు. నా లెక్కలో ఆ ఇంట్లో ఉండాల్సిన పద్ధతి ఇదొక్కటే, మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

తెర మీద: పొద్దున టేబుల్. బుట్టలో బ్రెడ్డు, చీజ్, జామ్, కాఫీ ఫ్లాస్కు.

పొద్దున వేడి టిఫిన్ ఉండదు. బ్రెడ్డు, దానిమీద వెన్న, జామో చీజో, కాఫీ. మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్, దాన్ని మెన్జా అంటారు, బయట హోటళ్లకంటే చానా తక్కువకు వస్తాది, వెజ్ కూడా దొరుకుతాది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపిస్తాం కదా, దాంట్లోంచి నెలకు 992 చేతికొస్తాయి, అద్దె తిండి ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే సర్దుకోవాల, కాబట్టి మెన్జాను వదులుకోవద్దు.

స్నానం. మన బాత్రూముల్లో నేలకు వాటం ఉంటాది, నీళ్లు ఎంత పోసినా తూముకు పోతాయి. అక్కడ చానా ఇళ్లల్లో షవర్ ఉన్న చోట తప్ప నేలలో తూమే ఉండదు, బకెట్టు పెట్టుకొని చెంబుతో పోసుకున్నావంటే ఆ నీళ్లకు పోయే దారి లేదు, కింద ఇంటికి దిగుతాయి. షవర్ లోపలే పోసుకొని అద్దాల మీది నీళ్లు తుడిచేసి బయటికి రావాల. టాయిలెట్లో నీళ్లు ఉండవు, పేపరే, మనోళ్లు ఒక చిన్న ప్లాస్టిక్ బాటిల్ పెట్టుకుంటారు, నేల తడపకుండా వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు.

తెర మీద: చలికాలం, తలుపులు బార్లా తెరిచిన కిటికీ, బయట మంచు.

ఇది మాత్రం కొంచెం శ్రద్ధగా వినండి. జనవరిలో బయట గడ్డకట్టే చలి ఉంటే ఇంటామె వచ్చి నీ రూమ్ కిటికీ పూర్తిగా తెరిచిపోతాది. మనకేమో ఈమెకు ఏమైంది అనిపిస్తాది. అక్కడి ఇళ్లు గాలి చొరబడకుండా బిగదీసి కడతారు. రాత్రంతా మనం వదిలే ఊపిరి, స్నానం ఆవిరి, అన్నం వండిన ఆవిరి అంతా లోపలే తిరిగి తిరిగి చల్లటి గోడ తగలగానే నీళ్లయి కూర్చుంటాది, బీరువా వెనకాల, కిటికీ మూలల్లో నల్లగా బూజు పడ్తాది. అనంతపురంలో పెరిగినోళ్లకు గోడ చెమ్మ అంటే ఏందో తెలీదు, ఆరేసిన గుడ్డలు గంటలో ఎండిపోయే ఊరు మనది. అక్కడ రూమ్‌లోనే తడిబట్టలు ఆరేసి, కిటికీ మూసి, హీటర్ పెట్టుకొని పడుకుంటే బూజు పట్టకుండా ఎట్ల ఉంటాది? పైగా ఆ బూజు బాగుచేయించిన ఖర్చు నీ అడ్వాన్సులోంచే పట్టుకుంటారు. కాబట్టి రోజుకు రెండు మూడు సార్లు హీటర్ తగ్గించి కిటికీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మళ్లీ మూసేయాల. కొంచెంగా తెరిచి రోజంతా వదిలేయడం పనికిరాదు, గోడలు చల్లబడిపోతాయి, హీటర్ బిల్లు కూడా పెరుగుతాది.

సాయంత్రం ఆరూ ఏడుకల్లా భోజనం, అది కూడా చానా ఇళ్లల్లో చల్లటిదే, మళ్లీ బ్రెడ్డు, చీజు, దోసకాయ ముక్కలు. దీనికి అలవాటు పడటానికే టైం పడ్తాది. వంట చేసుకోవాలంటే ఏ రోజు ఏ టైంలో అని ముందే మాట్లాడుకోండి. ఎండుమిరపకాయల తిరగబాత పెడితే ఇల్లంతా దగ్గుతారు, పొగ అలారాలు ప్రతి ఇంట్లో ఉండాలని అక్కడ చట్టమే ఉంది, అది మోగిందంటే పక్కింటోళ్లు కూడా లేస్తారు. చిమ్నీ వేసి, వంటింటి తలుపు మూసి, నూనె పొగలు రాకముందే ఆవాలు వెయ్యాల.

నేను ఒక ఆదివారం వాళ్లకు ఉగ్గాని చేసిపెట్టినా. వాళ్లకు బొరుగులంటే పాలల్లో వేసుకునే తీపి వస్తువు. నేను నీళ్లల్లో నానబెట్టి పిండుతుంటే ఇంటామె పక్కనే నిలబడి చూసింది, ఎర్రగడ్డలు పచ్చిమిరప వేగినాక పసుపు, పైన పప్పుల పొడి చల్లేసరికి స్పూన్ తెచ్చుకొని బాణలిలోంచే తినింది. మిరపకాయ బజ్జీకి గింజలన్నీ తీసేసి చేసినా, ఇంటాయన కళ్లల్లో నీళ్లు పెట్టుకొనే ఇంకోటి అడిగినాడు. ఆ రోజు నుంచి వంటింట్లో నా పొడుల డబ్బాలకు ఒక అర ఇచ్చేసినారు.

పొడులంటే గుర్తొచ్చింది, చెనిక్కాయల పొడి, కారంపొడి తీసుకుపోండి, నెయ్యి, పాలకోవ, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల పాల వస్తువులు, మాంసం తేకూడదు, ఎయిర్‌పోర్టులో దొరికితే తీసేసుకుంటారు. నెయ్యికి బదులు అక్కడి సూపర్‌మార్కెట్లలో బుటర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతాది, కాచిన వెన్నే అది, పప్పులోకి బాగుంటాది.

చెత్త సంగతి: కాగితం వేరే, ప్లాస్టిక్ ప్యాకింగ్ వేరే, కూరగాయల తొక్కలు వేరే, డబ్బాల రంగులు ఊరిని బట్టి మారుతాయి, మొదటిరోజే అడిగి ఫోటో తీసి పెట్టుకోండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిల్, కూల్‌డ్రింక్ టిన్ను పారేయొద్దు, కొన్నప్పుడే 25 సెంట్లు ఎక్కువ తీసుకునింటారు, షాపులో మెషిన్లో వేస్తే తిరిగి వస్తాయి. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాల. రాత్రి పది నుంచి పొద్దున ఆరుదాకా చప్పుడు ఉండకూడదు, గట్టిగా ఫోన్లో మాట్లాడినా గోడ అవతలికి వినపడ్తాది.

ఫోన్ అంటే అమ్మానాయనలకు ఒక మాట. మనకూ వాళ్లకూ చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు తేడా. పిల్లలు అక్కడ భోజనం అయినాక రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే చలికాలంలో ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. క్లాసు అయిపోయి నాలుగింటికి నడుచుకుంటా వచ్చేటప్పుడు మాట్లాడుకుంటే ఇక్కడ ఎనిమిదిన్నర, అందరూ అన్నం తినే టైం. నవంబర్ డిసెంబర్లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడ్తాది, పిల్లలకు దిగులు ఎక్కువయ్యేది కూడా అప్పుడే, ఆ రెండు నెలలు ఫోన్ మానొద్దు.

ఆడపిల్లలను పంపేవాళ్లకు: రూమ్‌కు సొంత తాళంచెవి ఉండాల, అద్దె ఎంత, దాంట్లో తిండి ఉందా లేదా అన్నీ కాగితం మీద ఉండాల. పోలీసులకు 110, అంబులెన్సుకు ఫైరుకు 112, ఫోన్లో సేవ్ చేసి పంపండి. ఇబ్బంది అనిపిస్తే ఓర్చుకొని ఉండమని చెప్పొద్దు, ఇల్లు కుదిర్చినోళ్లకు చెప్పి మార్చుకోమనండి.

తెర మీద: ఈమెయిల్, ఇంటివాళ్లను అడగాల్సిన ప్రశ్న.

టికెట్ తీసుకోకముందే ఈమెయిల్లో ఇంకొకటి అడగండి. అక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోపల ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాల, దానికి ఇంటివాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాల. ఆ నమోదు లేకుంటే రెసిడెన్స్ పర్మిట్ కదలదు, బ్యాంకు పనులు కూడా ఆగిపోతాయి. "రూమ్ ఇస్తాం కానీ ఆ సంతకం పెట్టం" అన్నారంటే అద్దె ఎంత తక్కువైనా సరే, ఆ ఇల్లు వద్దు, వేరేది చూసుకోండి.