గీటురాయికి అందేది, అందనిది

శ్రోతలకు నమస్కారం. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా అక్క కొడుకు ఒక ప్రశ్న వేశాడు. "మామయ్యా, బంగారాన్ని తినలేం, తాగలేం. జనం నమ్మారు కాబట్టే దానికా ధర. కంప్యూటర్లలోనే ఉండే డబ్బు, ఆ బిట్‌కాయిన్ సంగతీ అంతే కదా! మరి అమ్మమ్మ గాజులు కొంటే మెచ్చుకుంటారు, నేను కాయిన్ కొంటే తిడతారెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. పొలం పంటనిస్తుంది, ఇల్లు అద్దె తెస్తుంది. బంగారమూ బిట్‌కాయినూ ఊరికే కూర్చుంటాయి. రేపు మనకంటే ఎక్కువ పెట్టి కొనేవాడు వస్తేనే లాభం. ఆ కొనేవాడు ఎందుకు వస్తాడన్నదే చూడాలి.

బంగారం సంగతి కంసాలి కొట్లో కళ్ళారా చూడొచ్చు. నల్లటి గీటురాయి మీద ఉంగరాన్ని గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేస్తాడు. ఇత్తడి గీతైతే కరిగిపోతుంది. మేలిమి బంగారం గీత అలాగే మెరుస్తూ ఉంటుంది. దానికి తుప్పు పట్టదు, చిలుము పట్టదు. ముత్తవ్వ కాసులపేరు కరిగిస్తే మునిమనవరాలి గొలుసవుతుంది. మనిషి ఇంతవరకు తవ్వి తీసిన బంగారమంతా కలిపితే 2 లక్షల టన్నుల పైచిలుకు. గనుల నుంచి ఏటా కొత్తగా వచ్చేది అందులో 2 శాతం కూడా ఉండదు. ధర పెరిగింది కదా అని రాత్రికి రాత్రి రెట్టింపు తవ్వుకురాలేరు.

1991 గుర్తున్నవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. విదేశీ మారకద్రవ్యం అడుగంటి, దిగుమతులకు డబ్బు కట్టలేని పరిస్థితి. అప్పుడు మన రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కు పంపించి తాకట్టు పెట్టింది. దాని మీద 40 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. కష్టం వస్తే ఇల్లాలు గాజులు కుదువ పెడుతుంది చూడండి, దేశమూ ఆ పనే చేసింది. బంగారం ఎవరూ రాసిచ్చిన నోటు కాదు, దాని వెనక ఎవరి హామీ అక్కర్లేదు. అందుకే పరాయి దేశం వాళ్ళు కూడా కాదనలేదు.

అలాగని ధర పడదని కాదు. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు ఎగబాకి, ఆ తర్వాత దిగజారింది. మళ్ళీ ఆ ధర చూడ్డానికి 2008 దాకా పట్టింది. నగగా కొంటే మజూరీ, తరుగు ఎలాగూ తిరిగిరావు.

ఇక బిట్‌కాయిన్. 2009 జనవరిలో సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో దీన్ని మొదలుపెట్టారు. ఎవరి నుంచి ఎవరికి ఎన్ని నాణేలు వెళ్ళాయో రాసిన ఒకే పద్దు పుస్తకం ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటుంది, ఒకరు దిద్దితే మిగతావాళ్ళు ఒప్పుకోరు. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవు. కొత్తవి పుట్టే వేగం సుమారు నాలుగేళ్ళకోసారి సగానికి తగ్గుతుంది. బ్యాంకుతో పని లేకుండా ఏ దేశానికైనా పంపొచ్చు. ఇది గాలిలో మేడ అని నేననను. ఆ నియమానికి అందరూ కట్టుబడి ఉండటంలోనే దాని విలువ ఉంది.

కానీ బంగారం ధర తగ్గితే పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు కొట్టుకు పరిగెత్తుతారు. బిట్‌కాయిన్‌కు అలాంటి రెండో ఆసరా లేదు. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా వెళ్ళింది, ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగింది. పైగా మన దగ్గర 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోనివ్వరు.

ఇదంతా విని మావాడు ఫోన్ తీసి తను కొన్నది చూపించాడు. అది బిట్‌కాయిన్ కానే కాదు, ప్రకటన చూసి కొన్న ఇంకేదో కాయిన్. "ఇవి మొత్తం ఎన్ని ఉంటాయిరా? కొత్తవి పుట్టించే అధికారం ఎవరిది?" అని అడిగాను. చాలాసేపు ఫోన్లో వెతికాడు. పెరుగన్నం చల్లారిపోయినా వాడింకా వెతుకుతూనే ఉన్నాడు.