క్యాన్సర్ వచ్చినవాళ్లు ధైర్యంగానే ఉండాలా?

నమస్కారం. ఈ రోజు మందుల గురించి, ఆపరేషన్ల గురించి మాట్లాడను. ఆ మందులు ఎక్కించుకుంటున్న మనిషి మనసులో ఏం నడుస్తుందో మాట్లాడుకుందాం.

మా పెద్దక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన వారం ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరు చేసినా ఒకటే మాట. "నువ్వు ధైర్యంగా ఉండాలమ్మా. పాజిటివ్‌గా ఆలోచించు. సగం రోగం దానికే పోతుంది." అక్క అందరికీ "అలాగే, అలాగే" అంటూ వచ్చింది. నాలుగో రోజున ఫోన్ బోర్లా పెట్టేసి నాతో అంది: "వీళ్లంతా నాకు ధైర్యం చెప్పి, వాళ్లు ధైర్యం తెచ్చుకుని పెట్టేస్తున్నార్రా. చివరికి నేనే వాళ్లని ఓదార్చాల్సి వస్తోంది."

కీమో రెండో సైకిల్ అయ్యాక ఒక రాత్రి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చింది. మాకు వినపడకూడదని. బయటికొచ్చి ముఖం తుడుచుకుంటూ ఒక ప్రశ్న అడిగింది: "ఏడిస్తే రోగం పెరుగుతుందంటారు కదా, నిజమేనా?"

చూడండి, రోగం ఒక భయం. ఆ భయం వల్ల రోగం ముదురుతుందేమోనన్నది ఇంకో భయం. మొదటిది క్యాన్సర్ తెచ్చింది. రెండోది తెచ్చింది మనం, ప్రేమగానే.

సరే, ఆ ప్రశ్నకు జవాబు ఉందా అంటే, చాలావరకు ఉంది. 1979లో బ్రిటన్ పరిశోధకులు కొందరు, పోరాట స్ఫూర్తి ఉన్న రోగులు ఎక్కువ కాలం బతుకుతున్నారని రాశారు. చాలా తక్కువమందిని చూసి చెప్పిన మాట అది. కానీ జనంలోకి బలంగా వెళ్లిపోయింది. 1999లో 578 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను కనీసం ఐదేళ్లు గమనించి చూస్తే, పోరాట స్ఫూర్తికీ ఆయుష్షుకీ సంబంధం కనపడలేదు. పూర్తిగా ఆశ వదిలేసుకోవడానికి, తీవ్రమైన డిప్రెషన్‌కు మాత్రం కొంత సంబంధం కనపడింది. 2007లో తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మందిని చూసినప్పుడు, వాళ్ల మానసిక స్థితిని బట్టి ఎవరు ఎంతకాలం బతుకుతారో చెప్పలేమని తేలింది.

గ్రూప్ థెరపీ కథ కూడా ఇలాంటిదే. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు బృందం, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మందిలో గ్రూపులో కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు దాదాపు రెట్టింపు కాలం బతికారని చెప్పింది. పెద్ద వార్త అయింది. 2001లో 235 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు. అయితే మనోవేదన తగ్గింది, నొప్పి బాధా తగ్గింది. నాకైతే అది చిన్న లాభంలా అనిపించదు. ఉన్న రోజులు కాస్త తేలికగా గడిస్తే చాలదా? ప్రతిదానికీ ఆయుష్షుతోనే లెక్క కట్టాలా?

అందుకే అక్కకు చెప్పాను: ఒక రాత్రి ఏడ్చినంత మాత్రాన గడ్డ పెరగదు. డాక్టర్ కూడా అదే అన్నాడు. ఆ రోజు అక్క మధ్యాహ్నం హాల్లోనే, అందరి ముందే ఏడ్చింది. కుళాయి తిప్పలేదు.

క్యాన్సర్ రోగుల మనసును పట్టించుకునే వైద్యశాఖ సైకో-ఆంకాలజీ. దానికి పునాది వేసిన జిమ్మీ హాలండ్ అనే అమెరికన్ డాక్టర్, ఎప్పుడూ పాజిటివ్‌గానే ఉండాలన్న ఈ ఒత్తిడిని నిరంకుశత్వం అంది. సరైన మాట. ఎందుకంటే రోగం తిరగబెడితే "నేనే సరిగ్గా ఆలోచించలేదేమో" అని ఆ మనిషి తనని తాను దోషిగా నిలబెట్టుకుంటుంది.

మరి ఎదుగుదల సంగతేంటి? "క్యాన్సర్ నన్ను మార్చేసింది, జీవితం విలువ తెలిసింది" అనేవాళ్లు మనకు కనపడతారు కదా. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనికి పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్, అంటే పెద్ద దెబ్బ తిన్నాక వచ్చే ఎదుగుదల, అని పేరు పెట్టి, 1996లో 21 ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకు తెలియడం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు మీద మమకారం, ఈ ఐదింటిని అది చూస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఎదుగుదల రోగం ఇచ్చే బహుమతి కాదు. వాళ్లిద్దరూ ఇలాంటి దెబ్బను భూకంపంతో పోల్చారు. భూకంపం ఇల్లు కట్టదు, కూలుస్తుంది. "నాకేం కాదు, ఇంకా బోలెడు టైముంది" అని మనం నమ్ముకున్నవన్నీ కూలాక, శిథిలాల్లో నిలబడి మళ్లీ కట్టుకోవడంలో వచ్చేది ఆ మార్పు. మొదట్లో ఆలోచనలు పిలవకుండానే వస్తాయి, ఈగల్లా. తోలినా మళ్లీ వచ్చి వాలతాయి. కొన్ని నెలలకు కొందరు కావాలని కూర్చుని ఆలోచించడం మొదలుపెడతారు: ఇప్పుడు నాకేం ముఖ్యం? ఆ రెండో రకం ఆలోచనలోనే ఎదుగుదల ఉంటుందంటారు. అప్పుడు కూడా భయం ఎక్కడికీ పోదు. రెండూ ఒకే ఇంట్లో కాపురముంటాయి.

"నేను ఎదిగాను" అని మనిషి చెప్పుకోవడం వేరు, నిజంగా మారడం వేరు అని చూపించిన పరిశోధనలూ ఉన్నాయి. అయితే ఏం? 1983లో షెల్లీ టేలర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన 78 మందితో తన బృందం చేసిన ఇంటర్వ్యూల గురించి రాసింది. వాళ్లు తమకంటే కష్టంలో ఉన్నవాళ్లని వెతికి మరీ పోల్చుకున్నారట. గడ్డ మాత్రమే తీయించుకున్నావిడ, రొమ్ము మొత్తం పోయినవాళ్లని తలుచుకుంది. వయసైనావిడ, చిన్న వయసులో వచ్చినవాళ్లని తలుచుకుంది. అది ఆత్మవంచనా? నేనలా అనను. మునిగేవాడికి దొరికిన దుంగ అది. ఏ చెట్టుదని అడుగుతామా?

అక్కలో మార్పు వచ్చింది. ఇష్టం లేని పనికి "నేను రాను" అనడం నేర్చుకుంది, కారణం కూడా చెప్పదు. కోపం పెరిగింది, అదీ మార్పే. ఆ రోజుల్లో ముఖం చాటేసిన పాత స్నేహితురాలి ప్రస్తావన వస్తే ఇప్పటికీ లేచి వెళ్లిపోతుంది. అక్కడ మాత్రం ఏ ఎదుగుదలా లేదు.

అన్నిటికంటే కష్టమైన కాలం, ట్రీట్‌మెంట్ అయిపోయిన తర్వాత మొదలైంది. అందరూ "హమ్మయ్య, గండం గడిచింది" అని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. అక్కకు తలనొప్పి వస్తే మెదడుకు పాకిందేమో, నడుం నొప్పి వస్తే ఎముకకు పాకిందేమో. చెకప్ దగ్గర పడిందంటే నిద్ర ఉండదు. ఈ టెన్షన్ చాలామందికి ఉంటుంది, పిచ్చి కాదు.

అప్పుడు మాకు పనికొచ్చింది ఒక చిన్న పద్ధతి. డిస్ట్రెస్ థర్మామీటర్ అంటారు. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ, 0 నుంచి 10 దాకా అంకెలు. గత వారం రోజుల్లో మనసు ఎంత బాధపడిందో ఒక అంకె మీద గుర్తు పెట్టాలి. 4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకాస్త లోతుగా అడగాలని వైద్యులకు సూచన. వారాల తరబడి నిద్ర, తిండి పోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. చికిత్స ఉంది.

ఇంట్లో మాకిప్పుడు "ఎలా ఉన్నావు" అన్న ప్రశ్న లేదు. "ఎంత?" అంటాం. పోయినసారి చెకప్‌కు ముందు రోజు ఫోన్ చేసి "ఎంత?" అన్నాను.

"ఏడు. సాయంత్రం రా. ధైర్యం మాత్రం చెప్పకు" అంది.

వెళ్లాను. టీవీ సౌండ్ తగ్గించి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తొమ్మిదింటికి తనే అంది, "ఐదు. ఇక నువ్వెళ్లు, నిద్రొస్తోంది."