బంతికి ఏ టూలు? ముందు మెడ కొలవండి

[తెర మీద: ఈఎన్8 స్టీలు ముక్క. 40 మి.మీ. బంతి, దాని వెనక 20 మి.మీ. మెడ]

సీఎన్‌సీ లేత్ మీద బంతి ముందు సగం పెద్ద కష్టం కాదు. చిక్కంతా నడుము దాటాకే. అక్కడినుంచి టూలు లోపలికి దిగాలి. ఇన్సర్ట్ (టూలు కొనకు బిగించే కోత ముక్క) వెనక అంచుకు చోటు లేకపోతే అది కోయదు, బంతిని రాసుకుంటూ పోతుంది.

అందుకే కేటలాగు తెరవకముందే ఒక లెక్క. మెడ వ్యాసాన్ని బంతి వ్యాసంతో భాగించి, కాస్ ఇన్వర్స్ తీయండి. మన ముక్కకు 20 బై 40, అంటే 0.5. టూలు 60 డిగ్రీల వాలులో దిగాలి.

[తెర మీద: మూడు హోల్డర్లు పక్కపక్కన]

93 డిగ్రీల హోల్డర్‌లో డీసీఎంటీ (55 డిగ్రీల మొన ఉన్న ఇన్సర్ట్) పెడితే వెనక మిగిలేది 32 డిగ్రీలే. 35 డిగ్రీల మొన ఉన్న వీసీఎంటీకి 52. రెండూ చాలవు. అదే మెడ 30 మి.మీ. అయ్యుంటే 41 డిగ్రీలే కావాలి, వీసీఎంటీ ఒక్కటే పని ముగించేది. 35 డిగ్రీల ఇన్సర్ట్‌నే నిటారుగా నిలిపే ఎస్‌వీవీసీఎన్ హోల్డర్ రెండు పక్కలా 72.5 డిగ్రీలు ఇస్తుంది, మెడదాకా హాయిగా వెళ్తుంది. కానీ బంతి కొన దగ్గర వాలు 90 డిగ్రీలు. అక్కడ ఇదే టూలు బంతిని తినేస్తుంది. కాబట్టి ముందుకొకటి, వెనక్కొకటి వాడాలి. ఆఫ్‌సెట్లలో (కంట్రోలుకు ఇచ్చే టూలు కొలతల్లో) ఏ కాస్త తేడా ఉన్నా రెండూ కలిసేచోట గీత పడుతుంది.

ఆ గీత వద్దనుకుంటే మా ఓటు 4 మి.మీ. పూర్తి గుండ్రటి మొన ఉన్న గ్రూవింగ్ (గాడి కోసే) ఇన్సర్ట్‌కే. కొననుంచి మెడదాకా ఒకే కోత. ఫీడు చుట్టుకు 0.15 మి.మీ. పెట్టినా గీతల ఎత్తు లెక్కకు 1.4 మైక్రాన్లే. అయితే మెడ మొదట్లో 2 మి.మీ. రేడియస్ మిగిలిపోతుంది. డ్రాయింగ్ దానికి ఒప్పుకోవాలి. మొన వెడల్పు కాబట్టి త్వరగా అదురుతుంది కూడా. ఫినిషింగ్‌కు 0.2 మి.మీ. మించి వదలకండి. వెనకున్న లోహాన్ని ముందే మామూలు గ్రూవింగ్ టూలుతో తీసేయండి.

[తెర మీద: జీ42, తర్వాత జీ03 ఎక్స్20 జెడ్-37.32 ఆర్20]

జీ42 నోస్ రేడియస్ కాంపెన్సేషన్‌ను, అంటే మొన గుండ్రదనానికి చేసే సవరణను, మొదలుపెడుతుంది. జీ03 వరస బంతి కొననుంచి మెడదాకా లెక్కించిన చాపం. గుండ్రటి మొనతో కోత మెడ రేడియస్ దగ్గర కాస్త ముందే ఆగుతుంది.

బంతి కోడిగుడ్డులా వస్తే కంట్రోలును (మిషను కంప్యూటర్‌ను) అనుమానించే ముందు నోస్ రేడియస్ కాంపెన్సేషన్ చూడండి. 0.4 మి.మీ. నోస్ రేడియస్ ఉన్న 93 డిగ్రీల టూలును కాంపెన్సేషన్ లేకుండా నడిపితే, ముందువైపు 45 డిగ్రీల దగ్గర రేడియస్ 0.17 మి.మీ. ఎక్కువ, వెనకవైపు అదే కోణంలో 0.4 మి.మీ. తక్కువ వస్తుంది. మొన ఏ దిక్కుకు ఉందో కంట్రోలుకు చెప్పే టిప్ నంబరు ఆ టూలుకు 3, నిటారు టూలుకు 8. గుండ్రటి మొనకు జెడ్ ఆఫ్‌సెట్ మొన మధ్యకు తీసుకుంటే దానికీ 8 వేసి, రేడియస్ 2.0 ఇవ్వండి. అలా తీసుకుని 3 వేస్తే బంతి పాడైనట్టే.

కోత వేగాన్ని ఒకేలా ఉంచే జీ96 వాడితే జీ50తో స్పిండిల్‌కు హద్దు పెట్టండి. కొన దగ్గర వ్యాసం సున్నా, కంట్రోలు వేగాన్ని గరిష్ఠానికి లాగుతుంది. ఇక కొన మీద చిన్న మొటిమ మిగిలితే తప్పు ప్రోగ్రాముది కాకపోవచ్చు. టూలు సెంటర్ ఎత్తు తప్పి ఉంటుంది, టూలు కింది షిమ్ (పలుచని రేకు) మార్చి చూడండి.