ఈత అయ్యాక మొదటి పది నిమిషాలు

అందరికీ నమస్కారం. వేసవి ఈతకు పంపిన వారం రోజులకే పిల్లల ఒంటిమీద గీస్తే తెల్లచారలు పడతాయి, రాత్రిళ్లు దురద మొదలవుతుంది. చర్మం మీద సహజంగా ఉండే నూనె పొరను క్లోరిన్ నీళ్లు కడిగేయడమే దీనికి కారణం. ఆ పొర పోతే లోపలి తేమ నిలవదు.

అలాగని క్లోరిన్ తగ్గించమని కొలను వాళ్లను అడక్కండి. లీటరు నీటికి 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుంచి 7.8 వరకు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఉండాలి. క్లోరిన్ తగ్గితే సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరిగి, వెంట్రుకల కుదుళ్ల దగ్గర ఎర్రటి పొక్కులు లేస్తాయి. పీహెచ్ 8 దాటితే, ఉన్న క్లోరిన్ కూడా సరిగా పనిచేయదు. ఈ రెండు అంకెలూ అడగండి. చెప్పలేకపోతే ఆ రోజు పిల్లల్ని దింపకండి.

ముక్కుకు తగిలే ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువైనందుకు రాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి తయారైన క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండేదీ చాలావరకు వాటివల్లే. అందుకే పిల్లలు మూత్రానికి వెళ్లొచ్చి, ఒక నిమిషం షవర్ కింద తడిసి దిగాలి. తడిసిన జుట్టు కొలను నీటిని తక్కువగా పీలుస్తుంది కూడా.

ఎండలో ఈదేవాళ్లకు నీటికి నిలిచే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ 15 నిమిషాల ముందే రాయండి. ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించి దింపొద్దు, అది నీళ్లలో కలిసి కొలనును పాడుచేస్తుంది. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉంటే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక పల్చగా పెట్రోలియం జెల్లీ చాలు.

అసలు పొరపాటు బయటికొచ్చాక జరుగుతుంది. తడి బట్టల మీదే తువ్వాలు చుట్టి, బండెక్కించి ఇంటికి తీసుకెళ్తారు. అంతసేపూ క్లోరిన్ చర్మాన్ని అంటుకునే ఉంటుంది. అక్కడే బట్టలు విప్పించి మంచినీళ్లతో కడగండి. వేడినీళ్లు వద్దు. సున్నిపిండి, పీచు అసలే వద్దు, మిగిలిన కాస్త పొరనూ అవి గీకేస్తాయి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, 3 నిమిషాల్లోపు, వాసన లేని క్రీమ్ రాయండి. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీమ్, వేళ్లతో సహా వాళ్లవే రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. చాలామంది ఇంతకంటే తక్కువే రాస్తారు.

చర్మం పగిలినా, రసి కారినా, చీము కనిపించినా ఈత ఆపి చర్మ వైద్యులకు చూపించండి.