30 రోజుల్లో 1000 ఇంగ్లీష్ మాటలు అని మొదలుపెట్టాం

తమ్ముడు: నమస్కారం. చెన్నై పెరంబూరు నుంచి అక్కా తమ్ముళ్లం మళ్లీ వచ్చేశాం. ఈ వారం, అమెరికాలో పై చదువులకి రాసే పరీక్ష జీఆర్‌ఈకి చదివే పిల్లల కోసం, 30 రోజుల్లో 1000 మాటలు ఎలా గుర్తుపెట్టుకోవాలో చెబుదామని. అక్కా, ముందే చెప్తున్నా, పందికొక్కు వద్దు.

అక్క: వద్దంటే ఎలా రా? ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే పోయింది. అది చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

తమ్ముడు: సరే, చెప్పేశావు. ఇక పద్ధతి. ఐదు అట్టపెట్టెలు. చీటీకి ఒక వైపు మాట, రెండో వైపు అర్థం. గుర్తొస్తే చీటీ తర్వాతి పెట్టెలోకి, రాకపోతే మళ్లీ మొదటి దాంట్లోకి. మొదటి పెట్టె రోజూ తీయాలి, వెనకవి ఎడం ఇచ్చి తీయాలి. సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్స్ రచయిత 1970ల్లో చెప్పిన పద్ధతి.

అక్క: రెండో వైపు ఏం రాయాలి?

తమ్ముడు: అర్థం.

అక్క: ఒక్క ముక్కలోనా? మొన్న మన ట్యూషన్ పిల్లాడు అమెరికా యూనివర్సిటీకి పంపే వ్యాసం తెచ్చాడు. వాళ్ల నాన్నకి టిఫిన్ బండి. నాలుగింటికి లేచి చట్నీలు రుబ్బుకుని, రోజూ కొంత పక్కన పెట్టి కొడుకుని ఇంజినీరింగ్ చదివించాడు. వీడు ప్రేమగా "మై ఫాదర్ ఈజ్ ఎ పార్సిమోనియస్ మ్యాన్" అని రాశాడు.

తమ్ముడు: అయ్యో.

అక్క: ఈ మాట ఎక్కడిది రా అంటే ఫోన్లో లిస్టు ఫోటో చూపించాడు. ఫ్రూగల్, థ్రిఫ్టీ, పార్సిమోనియస్, మూడింటికీ ఎదురుగా "పొదుపు". పొదుపరి అనబోయి కన్నతండ్రిని పిసినారి అన్నాడు.

తమ్ముడు: ఆ లిస్టు నాదే అక్కా.

అక్క: తెలుసు. నీ చేతిరాతే.

తమ్ముడు: ఉద్యోగం చేసుకుంటూ రెండు నెలల్లో పరీక్ష రాసేవాణ్ణి నవలలు చదవమంటే ఎలా? నేనూ లిస్టుతోనే గట్టెక్కాను.

అక్క: నువ్వు రాసినప్పుడు వ్యతిరేక పదాలు అడిగేవారు. 2011లో అవి తీసేశారు. ఇప్పుడు మాటలు అడిగేది వాక్యంలో ఖాళీ పెట్టే. మెచ్చుకోలో తిట్టో తెలియకపోతే ఆ ఖాళీలో ఏం పెడతాడు?

తమ్ముడు: కోప్పడకు.

అక్క: కోపం కాదు రా. ఆ నాన్నకి ఇంగ్లీష్ రాదు. కొడుకు తన గురించి గొప్పగా రాశాడని బండి దగ్గర అందరికీ చెప్పుకున్నాడు.

(కాసేపు మాటల్లేవు)

తమ్ముడు: మార్చారా?

అక్క: పంపకముందే చూశాం. ఫ్రూగల్ అని పెట్టించాను. తర్వాత ఇద్దరం కూర్చుని చీటీలు రాశాం. మాట, కింద ఒక వాక్యం, మూలన ప్లస్సో మైనస్సో. మంచి కోరే బెనెవొలెంట్‌కి ప్లస్, చెడు కోరే మలెవొలెంట్‌కి మైనస్. రెండింట్లోనూ ఉన్న "వొల్" లాటిన్‌లో కోరుకోవడం. వాలంటీర్లోనూ అదే. వేరు పట్టి లాగితే మూడు మాటలొచ్చాయి.

తమ్ముడు: 1000 చీటీలకీ వాక్యాలా?

అక్క: 300 చాలు, సరిగ్గా వస్తే. బ్రౌన్ దొర 1852లో ఈ మద్రాసులోనే నిఘంటువు అచ్చేయించాడు. అర్థం చెప్పి ఊరుకోలేదు, చాలా చోట్ల వాడుక కూడా చూపించాడు. అందులో పందికొక్కు దగ్గర...

తమ్ముడు: అక్కా!

అక్క: సరే, నీ లిస్టు తీయి. దిద్దుదాం.

తమ్ముడు: ఇప్పుడా? రికార్డింగ్ నడుస్తోంది.

అక్క: నడవనీ. థ్రిఫ్టీకి వాక్యం చెప్పు.

తమ్ముడు: థ్రిఫ్టీ... మా అమ్మ... ఉండు, కింద నీళ్ల లారీ హారన్.

అక్క: బిందెలు తీసుకో, నేను పైపు పట్టుకొస్తా.