వంటింటి పండ్ల ఈగలు: వెనిగర్ గిన్నెకు చిక్కనివి

(దృశ్యం: బెంగళూరు మారతహళ్లిలో ఒక ఫ్లాటు వంటగది. గట్టు మీద మాగిన అరటిపండ్లు, వాటి మీద ముసిరిన చిన్న ఈగలు.)

వ్యాఖ్యాత: నమస్కారం. మామిడిపండ్ల కాలంలో ఇంటికి బంగినపల్లి బుట్ట చేరిన కొద్ది రోజులకే ఈ ఎర్రకళ్ల ఈగలూ చేరుతాయి. శాస్త్రవేత్తలు డ్రోసోఫిలా అని పిలిచే ఈ ఈగను ప్రయోగశాలల్లో సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచుతారు. బెంగళూరు వాతావరణం ఏడాదిలో చాలా భాగం ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కనుక, మన వంటగదిలో దానికి ఏ లోటూ ఉండదు.

ఆ వేడిమిలో గుడ్డు రెక్కల ఈగగా మారడానికి సుమారు 10 రోజులు చాలు. ఆడ ఈగ తన జీవితకాలంలో వందలకొద్దీ గుడ్లు పెట్టగలదు. పులిసే వాసనే దానికి దారి చూపుతుంది. ఈ ఈగ వాసనను ఎలా పసిగడుతుందో పరిశోధించిన ఒబైద్ సిద్దీఖీ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకులు కావడం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ విషయం.

(దృశ్యం: చిన్న గిన్నెలో వెనిగర్; అందులో పడుతున్న ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్.)

ఆ వాసననే ఎరగా వాడుకోవచ్చు. యాపిల్ సైడర్ వెనిగర్‌లో ఒక చుక్క లిక్విడ్ కలిపితే ద్రవం తలతన్యత, అంటే పైపొర బిగువు, తగ్గిపోయి, పైన వాలిన ఈగ నిలవలేక మునిగిపోతుంది. అయితే, ఈ గిన్నెకు చిక్కేవి ఎగిరే ఈగలు మాత్రమే. గుడ్లు, పురుగులు పండులోనో చెత్తలోనో క్షేమంగా ఉంటాయి. గిన్నె నిండా ఈగలు పడ్డాయని సంతోషించి ఊరుకునేవారే ఎక్కువ.

(దృశ్యం: తడిచెత్త డబ్బా, సింకు జాలీ, ఉల్లిపాయల బుట్ట.)

కనుక అవి పుట్టే చోటును వెతకాలి. తడిచెత్తను ఏ పూటకాపూట మూతపెట్టి ఉంచి, బండి వచ్చినప్పుడు ఇచ్చేసిన వెంటనే డబ్బాను కడిగి ఆరబెట్టాలి. పగిలిన పండ్లను పారవేసి, మాగినవాటిని ఫ్రిజ్‌లో పెట్టాలి. సింకు జాలీ, తడి మసిగుడ్డ, కడగని జ్యూస్ సీసా కూడా అనుమానించదగ్గవే. మా ఇంట్లో పండ్లన్నీ తీసేసినా వారంపాటు ఈగలు తగ్గలేదు. చివరకు ఉల్లిపాయల బుట్ట అడుగున కుళ్లి నీరుకారుతున్న ఒక్క బంగాళాదుంప దొరికింది.

గోడ మీద కదలకుండా వాలి, సీతాకోకచిలుక రెక్కల వంటి నూగు రెక్కలతో బూడిదరంగులో కనిపించేవి మాత్రం పండ్ల ఈగలు కావు. అవి మురుగు గొట్టంలోని జిగట పూతలో పెరుగుతాయి; వాటికి వెనిగర్ గిన్నె పనిచేయదు, గొట్టం లోపలి అంచులను బ్రష్షుతో రుద్ది ఆ పూతను తొలగించాలి.

మూలాన్ని తీసేసిన తరువాత కూడా గిన్నెను రెండు వారాలు ఉంచి, వెనిగర్‌ను అప్పుడప్పుడూ మార్చండి. అప్పటికే ఎక్కడో ప్యూపా దశలో, అంటే పురుగు ఈగగా మారే దశలో, ఉన్నవి ఈలోగా ఎగిరి వస్తాయి. ఆ గడువు దాటాక కూడా కొత్త ఈగలు పడుతూ ఉంటే, బుట్టలను మళ్లీ అడుగుదాకా తిరగవేయవలసిందే.