మస్కట్ వేరు, ఒమన్ వేరు: ఒకే దేశం, రెండు చరిత్రలు

[తెర మీద: అరేబియా ద్వీపకల్పం మ్యాప్. ఆగ్నేయ మూల మెల్లగా పెద్దదవుతుంది.]

నమస్తే అండీ. గల్ఫ్‌కు మనుషులు వెళ్లిన ఏ తెలుగు ఊళ్లోనైనా మస్కట్ పేరు వినిపిస్తుంది. "మా బావ మస్కట్‌లో ఉన్నాడు" అంటారు గానీ, "ఒమన్‌లో ఉన్నాడు" అనేవాళ్లు తక్కువ. మనవాళ్ల సంగతి సరే, 1970 దాకా ఆ దేశం పేరే "మస్కట్ అండ్ ఒమన్". రాజధాని పేరును, దేశం పేరును పక్కపక్కన పెట్టి అలా ఎందుకు పిలిచారు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఒమన్ చరిత్ర సగానికి పైగా తెలిసినట్టే. జవాబు మాత్రం చరిత్ర పుస్తకంలో కంటే ముందు మ్యాప్‌లో దొరుకుతుంది.

[తెర మీద: ఉత్తరాన హజర్ పర్వతాలు గోధుమ రంగులో, తీరం నీలం రంగులో.]

ఒమన్ విస్తీర్ణం సుమారు 3,09,500 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదాని కంటే కాస్త పెద్దది. జనాభా మాత్రం 50 లక్షల చిల్లర, అందులోనూ పదిమందిలో నలుగురు బయటి దేశాలవాళ్లే.

ఉత్తరాన సముద్రానికి సమాంతరంగా విల్లులా వంగిన ఈ కొండలే హజర్ పర్వతాలు. అన్నింటికంటే ఎత్తయిన జబల్ షమ్స్ 3,000 మీటర్ల దాకా ఉంటుంది. కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న సన్నని మైదానం పేరు బాతినా. మస్కట్ దగ్గరికి వచ్చేసరికి ఆ మైదానం కూడా మాయమై, రాళ్ల గుట్టలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. కొండలు దాటి లోపలికి వెళ్తే నిజ్వా, బహ్లా లాంటి పాత పట్టణాలు. ఇంకా పడమటికి వెళ్తే రుబ్ అల్ ఖాలీ ఎడారి.

అంటే లోపలి ఒమన్‌కు ఒకవైపు కొండల గోడ, ఇంకోవైపు ఇసుక. సముద్రం పక్కనే ఉన్నా, సముద్రంతో పెద్దగా పని లేకుండా బతికిన నేల అది. తీరం ముఖం హిందూ మహాసముద్రం వైపు, లోపలి ప్రాంతం ముఖం తన ఖర్జూర తోటల వైపు.

[తెర మీద: ఖర్జూర చెట్ల నీడలో పారుతున్న సన్నని కాలువ.]

నదులు లేని చోట తోటలు ఎలా పండాయి? దీనికి సమాధానం ఫలజ్. కొండ పాదంలో భూగర్భ జలం దొరికే చోట ఒక తల్లి బావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి దాకా భూమి లోపలే, అతి కొద్ది వాలుతో సొరంగం. మోటార్ లేదు, ఏతం లేదు, నీళ్లు వాటంతటవే నడిచి వస్తాయి. రాయలసీమ ఊటకాలువలు చూసినవాళ్లకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

నాకు ఆ సొరంగం కంటే పంపకమే ఎక్కువ ఆశ్చర్యం. ఊళ్లోకి రాగానే మొదటి వాటా తాగునీటిది. తర్వాత మసీదు, స్నానాలు, ఆ తర్వాతే తోటలు. తోటల వాటాలను నీటి కొలతలో కాదు, కాలంలో లెక్కేస్తారు: ఫలానా ఇంటికి ఫలానా సేపు. పగలు నాటిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి వంతులు మార్చేవారు. లెక్కలు చూడటానికి ఊరంతా కలిసి ఒక వకీల్‌ను పెట్టుకునేది (ఇక్కడ వకీల్ అంటే లాయర్ కాదు, నీటి పంపకం చూసే మనిషి). ఇలాంటి ఫలజ్‌లు ఇప్పటికీ 3,000 దాకా పనిచేస్తున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నీళ్లను ఇలా పంచుకున్న సమాజం రాజును కూడా తనే ఎంచుకోవాలనుకుంది. ఒమన్‌లో చాలామంది సున్నీలూ కాదు, షియాలూ కాదు, ఇస్లాంలోనే మరో శాఖ అయిన ఇబాదీలు. మతానికీ పాలనకూ పెద్ద అయిన ఇమామ్ పదవి తండ్రి నుంచి కొడుక్కి రావాల్సిన ఆస్తి కాదని, యోగ్యుణ్ని పెద్దలు ఎన్నుకోవాలని వాళ్ల సిద్ధాంతం. తొలి ఇమామ్ ఎనిమిదో శతాబ్దంలోనే వచ్చాడు. సిద్ధాంతం ఎంత గట్టిదైనా, మధ్యమధ్య వంశపాలనలు వచ్చాయనుకోండి. అది ఎక్కడైనా ఉన్న సంగతే.

[తెర మీద: మస్కట్ రేవు. రెండు గుట్టల మీద జలాలీ, మీరానీ కోటలు.]

ఇక తీరానికి వద్దాం. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ మస్కట్‌ను తగలబెట్టి ఆక్రమించాడు. రేవుకు రెండు పక్కలా మీకు కనిపిస్తున్న కోటలు పోర్చుగీసువాళ్ల కాలానివే. వాళ్లను 1650లో వెళ్లగొట్టింది ఎవరనుకుంటున్నారు? లోపలి ఒమన్ నుంచి దిగి వచ్చిన యారుబీ వంశపు ఇమామ్, సుల్తాన్ బిన్ సైఫ్. కొండలవాళ్లు సముద్రం మీదికి రావడం అక్కడ మొదలైంది. 1698లో తూర్పు ఆఫ్రికాలోని మొంబాసా కోట కూడా వాళ్ల చేతికి వచ్చింది.

ఇప్పటి రాజవంశం అల్ బూసయీద్‌లది, 18వ శతాబ్దం నడిమి నుంచి. వాళ్లలో సయీద్ బిన్ సుల్తాన్ కాలంలో తీరానిదే పూర్తిగా పైచేయి అయింది. ఆయన 1840 ప్రాంతంలో తన కొలువును ఏకంగా తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవికి మార్చేశాడు! మస్కట్ నుంచి మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. కానీ ఓడవాళ్లకు అది అలవాటైన దారే. చలికాలంలో ఈశాన్య గాలి పట్టుకుని వెళ్లడం, నైరుతి గాలి మళ్లాక తిరిగి రావడం. జాంజిబార్‌లో లవంగం తోటలు వేయించాడు. వాటిలో పనిచేసింది బానిసలు. ఆ సంపద కథ చెప్పేటప్పుడు ఈ మాట దాటేయకూడదు.

1856లో ఆయన చనిపోగానే కొడుకుల మధ్య తగువు. 1861లో తీర్పు చెప్పింది మన దేశంలో కూర్చున్న వైస్రాయ్ లార్డ్ కానింగ్. జాంజిబార్ ఒకరికి, మస్కట్ ఇంకొకరికి. జాంజిబార్ ఏటా 40,000 మారియా థెరీసా థేలర్లు, అంటే ఆస్ట్రియా రాణి బొమ్మ ఉన్న వెండి నాణేలు, మస్కట్‌కు చెల్లించాలి. ధనిక భాగం అలా చేజారిపోయింది.

[తెర మీద: పక్కపక్కన రెండు నాణేలు. వెండి థేలర్, గల్ఫ్ రూపాయి.]

మస్కట్‌లోని సుల్తాన్ బలహీనపడేసరికి లోపలి ఒమన్ మళ్లీ తన ఇమామ్‌ను తను ఎన్నుకుంది. 1920లో సీబ్ ఒప్పందం కుదిరింది: తీరం సుల్తాన్‌ది, లోపలి వ్యవహారాలు లోపలివాళ్లవి. దేశం పేరులోని "అండ్" వెనక ఉన్నది ఈ చీలికే. డబ్బు కూడా రెండు రకాలు. తీరంలో మన రూపాయి, 1959 తర్వాత రిజర్వ్ బ్యాంక్ ప్రత్యేకంగా ముద్రించిన గల్ఫ్ రూపాయి. లోపల మారియా థెరీసా వెండి నాణెం. ఇప్పటి ఒమన్ రియాల్‌కు 1,000 బైసాలు. బైసా అంటే మన పైసాయే.

చమురు ఆశ పుట్టాక ఈ సర్దుబాటు నిలవలేదు. నిక్షేపాలు లోపలి ప్రాంతంలో ఉంటాయని అంచనా. 1950లలో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్, బ్రిటిష్ సాయంతో ఇమామ్ మీదికి వెళ్లాడు. జబల్ అఖ్దర్ కొండల మీది చివరి ప్రతిఘటన 1959లో ముగిసింది. అజ్మీర్ మేయో కాలేజీలో చదువుకున్న ఈ సుల్తానే దేశంలో మాత్రం బడులు పెరగనివ్వలేదు. 1970 నాటికి ఆధునిక బడులు మూడు, తారు రోడ్డు పది కిలోమీటర్లు. దక్షిణాన ధోఫార్‌లో తిరుగుబాటు. చివరికి 1970 జులై 23న కొడుకు ఖాబూస్, బ్రిటిష్ వాళ్ల అండతో తండ్రిని దించేశాడు. కొద్ది రోజులకే పేరులోంచి మస్కట్ పోయింది, ఒమన్ మిగిలింది. ధోఫార్ యుద్ధం ఇంకో ఐదేళ్లు సాగింది.

[తెర మీద: పొగమంచు కమ్మిన పచ్చని సలాలా కొండలు.]

ధోఫార్ గురించి రెండు ముక్కలు. ధూపం వేసే లుబాన్ జిగురు ఈ నేల చెట్లదే. వేల ఏళ్లు ఓడలెక్కింది. మనకు వానలిచ్చే నైరుతి రుతుపవనమే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సలాలా కొండలను తడుపుతుంది. అక్కడ దాన్ని ఖరీఫ్ అంటారు. ఉత్తరపు కొస ముసందమ్‌కు ఇంకో వీడియో కావాలి: యూఏఈ అడ్డం రావడంతో దేశం నుంచి విడిగా ఉంటుంది, హోర్ముజ్ జలసంధి పక్కనే.

[తెర మీద: మస్కట్ నుంచి నిజ్వాకు గీసిన దారి.]

మస్కట్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. కొండల మధ్య సమాయిల్ సందులోంచి నిజ్వాకు సుమారు 160 కిలోమీటర్లు. శుక్రవారం ఎలాగూ సెలవు. తెల్లవారుజామునే బయల్దేరితే కోట పక్కన జరిగే మేకల సంత దొరుకుతుంది. ఆలస్యమైతే సంత అయిపోతుంది. ఊరి అంచున ఫలజ్ దారిస్ ఉంది, యునెస్కో ఐదింటిలో ఒకటి. వేసవిలో వెళ్లినా ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు.